లక్కపలకపై రాయబారము

పద్యము చెవి కొఱకుఁ బుట్టినది. లక్షణకర్తలు గణములను, యతిని, ప్రాసమును నియమించినది శ్రవణసుఖము నుద్దేశించియే కాని కంటికి వరుసలు తీరుగాఁ గనఁబడుటకుఁ గాదు. అయినను గ్రంథపరిష్కర్తలు పద్యమునకు సాక్ష్యముగా గ్రహించుచు వచ్చినవి తాళపత్రములు, కాగితపు ప్రతులు, అచ్చుపుస్తకములు మాత్రమే. 1911లో స్థాపితమైన ఆంధ్రసాహిత్యపరిషత్తు కాకినాడఁ జేరి, జయంతి రామయ్యపంతులుగారి వంటి వారి పూనికతో ఊరూరఁ దాటాకులను సేకరించి భద్రపఱచినది. ఆ పరిశ్రమ జరుగుచున్న కాలముననే తెలుఁగుపద్యమునకు వేఱొక సాక్ష్యము గోదావరీతీరమున నింటింటఁ బోగగుచుండెను. దానిని దాఁచవలసిన వస్తువుగా నెవ్వరును భావింపలేదు. అది గ్రామఫోను పలక.

తాటాకుప్రతి పద్యమునం దేయక్షరము లున్నవో చెప్పును. ఆ యక్షరముల నెట్లు పలికిరో చెప్పదు. పలక చెప్పును. ఏ సంధిని విడఁదీసిరి, ఏ పాదము చివర నాఁగిరి, ఏ పదమును నొక్కిరి, ఏ భావమును జాఱవిడిచిరి యనునవి యన్నియు దానియందుఁ జెక్కఁబడి యున్నవి. కావున నాటకపద్యముల పలకలను వినోదవస్తువులుగాఁ గాక ప్రతులుగాఁ బరిశీలించుట యుక్తము. ప్రతికిఁ బ్రామాణ్య మెంత, లేఖకదోష మెంత యని విచారించునట్లే గాయకప్రమాణమును, గాయకదోషమును విచారింపవలయును.

ఈ విచారణకు గోదావరీమండలమును మించిన క్షేత్రము లేదు. పలకల కెక్కిన నాటకపద్యములలో మిక్కిలి వ్యాప్తినొందిన రాయబారపు పద్యములు ఈ మండలమునఁ బుట్టిన యిద్దఱు కవులవి. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు 1870లో కడియమునను, దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు 1872లో భీమవరము చేరువనున్న యెండగండిలోను జన్మించిరి. ఈ జంటకవులు పాండవకథను జననము మొదలు అశ్వమేధము వఱకు ఆఱు నాటకములుగా రచింపఁగా, అందు ఉద్యోగవిజయములు రెండును రంగముపై నొక్కటియై 'పాండవోద్యోగవిజయములు' అను పేర నిలిచినవి. వారికిఁ బూర్వమే ఖండవల్లిలోఁ బుట్టి రాజమహేంద్రవరమున నివసించిన చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి గయోపాఖ్యానము రంగస్థలము నేలినది. దానిప్రతులు లక్షకు మించి చెల్లినవని ప్రసిద్ధి. టంగుటూరి ప్రకాశము పంతులుగారు యౌవనమున చిలకమర్తివారి నాటకములలో వేషములు ధరించిరి. 1852 నాఁటికి ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియై, పంటకాలువలు పాఱి, డెల్టాగ్రామములలో ధాన్యము నిలువ యేర్పడిన తరువాతఁ గాని నాటకసమాజములకుఁ బోషణ దొరకలేదు. గ్రామఫోనుపెట్టె కొనఁగల గృహస్థులును ఆ పంటవలననే యేర్పడిరి. బాకాపెట్టె యున్న యింటి వీథియరుఁగు సాయంకాలము నిండియుండెడిది. అక్షరజ్ఞానము లేని రైతు సైతము శ్రీకృష్ణుని రాయబారమును గంఠస్థము చేసికొన్నది బడిలోఁ గాదు. కొంత నాటకపుఁబందిటిలో, కొంత యరుఁగు మీఁద.

తిక్కన యుద్యోగపర్వమును జదివినవారికి ఈ జంటకవుల పద్యములు పలుచగాఁ దోఁచుట సహజము. తిక్కన యొక్క మాటలో నిమిడ్చిన క్రోధమును వీరు నాలుగు పాదములలోఁ బఱచిరి. కాని యిది లోపము కాదు. రంగముమీఁదిమాట వెనుకవరుసవాఁడు విని, విన్నతోడనే యర్థము చేసికొనవలసినది. దీర్ఘసమాసములను దగ్గించి, క్రియను దూరముగాఁ ద్రోయక, వాడుకపలుకునకుఁ జేరువైన నడకతో వృత్తములను నడపుట వీరి శిల్పము. ఒకమాఱు వినఁగానే యర్థమగు పద్యమే పలకకుఁ దగిన పద్యము. ప్రబంధపద్యములలో నధికభాగము పలకల కెక్కక రాయబార మెక్కుటకు ఇది ముఖ్యకారణమని చెప్పవచ్చును.

రెండవకారణము యంత్రమునకు సంబంధించినది. ఎడిసను 1877లో ధ్వనిని స్తూపముపై నిలిపెను. బెర్లినరు 1887లో బల్లపరుపు పలకకు స్వామ్యపత్రమును బడసెను. హిందూదేశమున మొట్టమొదట 1902 నవంబరులో కలకత్తాయందు గైస్‌బర్గు పలకలు తీసెను; గౌహర్‌జాన్ అను గాయని యా సందర్భముననే పాడెను. ఆ దినములలో విద్యుచ్ఛక్తి సాయము లేదు. గాయకుఁడు బాకాలోనికి గట్టిగాఁ బాడఁగా, ఆ గాలిత్రోపుడే సూదిని గదల్పవలెను. మెల్లగాఁ బాడువాని సొగసంతయు బాకాలోనే యణఁగిపోవును. 1925లో విద్యుద్యంత్రములు వచ్చువఱకు నిదియే స్థితి. మైకు లేని పందిళ్లలో వేయిమందికి వినఁబడునట్లు హెచ్చుశ్రుతిలోఁ బాడుట యలవడిన నటులకు ఆ బాకా యొక లెక్కలోనిది కాదు. కపిలవాయి రామనాథశాస్త్రి, అద్దంకి శ్రీరామమూర్తి మొదలగు నటులు గ్రామఫోనుగాయకులుగాఁ బేరుగాంచుటలో వింత లేదు. వారి కంఠములు రంగమునకు సాధింపఁబడినవి. యంత్రమునకు నవియే సరిపడినవి.

ఆ పలక లక్కతోఁ జేయఁబడినది. ఛోటానాగపురపు టడవులలో చెట్లకొమ్మలపై లక్కపురుగు స్రవించు జిగురును గరగించి, రాతిపొడిని, మసిని గలిపి ముద్దచేసి యచ్చునొత్తుదురు. పదియంగుళముల పలక నిమిషమునకు 78 చుట్లు తిరుగును. ఒకవైపు మూఁడు నిమిషములు, మహా యైనచో మూఁడున్నర. ఈ మూఁడు నిమిషములే యిచ్చట వివాదమునకు మూలము.

పండితులు గ్రామఫోనుపద్యముపై మోపిన నేర మొక్కటియే: రాగము పద్యమును మ్రింగినదని. దీనిని లెక్కవేసి చూడవచ్చును. ఉత్పలమాలపాదమున భ-ర-న-భ-భ-ర-వ గణములు. వానికి 28 మాత్రలు. నాలుగు పాదములకు 112. తొందర లేకుండఁ జదువువాఁడు సెకనునకు నాలుగు మాత్రల చొప్పునఁ బలుకు ననుకొన్నచో పద్యమంతయు 28 సెకనులలో ముగియును. చంపకమాల కంతియే. మత్తేభశార్దూలములకుఁ బాదమునకు 30 మాత్రలు గనుక 30 సెకనులు పట్టును. కందమున మొత్తము 64 మాత్రలే. పదునాఱు సెకనులు చాలును. తేటగీతితోఁ గూడిన సీసము సైతము, గణములను బట్టి 188 మొదలు 220 మాత్రల దాఁక నుండి, నిమిషమును దాఁటదు. మూఁడు నిమిషముల పలకపై నొక యుత్పలమాలను బాడినచో పద్యమునకుఁ బోఁగా మిగిలినది రెండున్నర నిమిషములు. ఆ మిగిలిన కాలమంతయు ఆలాపనకును, హార్మోనియమునకును జెందినది. ఆఱింట నొకపాలు కవిది, అయిదుపాళ్లు గాయకునివి. ఈ లెక్క చూచినవారికిఁ బండితుల యభియోగము ఋజువైనట్లే తోఁచును.

అయినను కాలపరిమాణము మాత్రమే దోషము కాదు. రాగము పద్యమునకు ముందు గాని తరువాత గాని యెంతసేపు సాగినను అర్థమునకు హాని లేదు. హాని కలుగునది రాగము పద్యములోపల నెచ్చటఁ జొచ్చునో దానిని బట్టి. ఇచ్చట తెలుఁగుఛందస్సునకును, సంస్కృతఛందస్సునకును గల భేదమును గుర్తింపవలయును. సంస్కృతమున యతి విశ్రాంతిస్థానము. పాదాంతమునఁ బదము ముగియుట సామాన్యధర్మము. తెలుఁగున యతి విరామము కాదు, అక్షరమైత్రి. తెలుఁగుకవి పాదాంతమున నాఁగడు. పదమును మధ్య విఱిచి, సగము నీ పాదమునను, సగము పైపాదమునను నిలుపుట నన్నయనాఁటినుండి వచ్చుచున్న యాచారము. అది పద్యమునకు ధార నిచ్చు గుణము కూడను.

ఉత్పలమాల, చంపకమాల, శార్దూలము, మత్తేభము - ఈ నాలుగింటను బాదము లఘువుతరువాత గురువుతో ముగియును. గాయకునకు రాగము సాగఁదీయుటకు ఆ తుదిగురువు కంటె ననుకూలమైన చోటు లేదు. ఊపిరి యుండువఱకు దానిపై నిలుచును. ఆ గురువు పదాంతమైనచో బాధలేదు. కాని కవి యచ్చటఁ బదమును విఱిచి యుండినచో? ఊహకు 'సుయోధనుఁడు' అను పదమును గొనుఁడు. ఒక చంపకమాలయందు 'సుయో' యనునది పాదాంతమునను, 'ధనుఁడు' అనునది పైపాదపు మొదటను బడినదనుకొనుఁడు. గాయకుఁడు 'సుయో' యని యోకారమును బట్టి యెత్తునకుఁ బోయి, అచ్చటఁ గొంతసేపు త్రిప్పి, దిగివచ్చి, హార్మోనియము నందుకొని, ఊపిరి తీసికొని, 'ధనుఁడు' అని క్రొత్తపాదము నెత్తుకొనును. కథ నెఱిఁగినవాఁడు సర్దుకొనును. ఎఱుఁగని బాలుఁడు ధనుఁడను వేఱొక రాజు సభకు వచ్చెనని తలఁచును. రాయబారమునందు రాజులకుఁ గొదువ లేదు గనుక వానికి సందేహమును గలుగదు.

పలకలను బ్రతులుగాఁ జూచు పరిశీలకునకు ఇదియే మొదటి పరీక్షాస్థానము కావలెను. గాయకుఁడు పాదాంతమున నాఁగెనా, పదాంతమున నాఁగెనా? పదాంతమున నాఁగినవాఁడు పద్యమును జదివి యర్థము చేసికొని పాడినవాఁడు. పాదాంతమున నాఁగినవాఁడు పుస్తకములోని వరుసలను బాడినవాఁడు. అచ్చుపుస్తకము పాదమున కొక వరుస యిచ్చుటవలన ఈ దోషము కొంత బలపడినదని చెప్పినను తప్పులేదు. తాటాకుపై పద్యము వరుసలుగా విఱుగక యేకధారగా నుండును. అచ్చటఁ బాఠకుఁడు పాదమును జెవితోనే పసికట్టవలెను.

గ్రామఫోను కంపెనీలు మూఁడు నిమిషములను నింపుట కొఱకే రాగమును బెంచిరను మాట తఱచు వినవచ్చును. చరిత్ర దీనికి విరుద్ధముగా నున్నది. రాగము పలకనుండి రంగమునకుఁ బోలేదు. రంగమునుండి పలకకు వచ్చినది. పందిటిలో నొక్క పద్యమును పదినిమిషములు పాడుటయు, ప్రేక్షకులు 'వన్సుమోరు' అని కేకవేయఁగాఁ జచ్చిన పాత్ర లేచి మరల పాడి చచ్చుటయు నాఁటి నాటకములలో సామాన్యములు. అట్టి గాయకుని దెచ్చి బాకాముందు నిలిపి, మూఁడు నిమిషములలో ముగింపవలెనని యంత్రము శాసించినది. ఇది పెంపు కాదు, కత్తిరింపు. పలకపై నున్న రెండున్నర నిమిషముల రాగము, పందిటిలోని రాగమునకు సంగ్రహము. రాగప్రియుఁడైన నటుఁడు ఎవ్వఁడైన నొకనాఁడు రాగమునకు మేర పెట్టికొన్నచో, అది విమర్శకుల మాటవలనఁ గాదు, మైనముపై సూది చివరకు వచ్చుచున్నదను భయమువలన. పలక పద్యమును జెఱచినదనుట కంటె, చెడిన పద్యమును గొంత యదుపు చేసినదనుట సత్యమునకుఁ జేరువ.

రంగముమీఁదనే యీ యదుపును గోరినవారును లేకపోలేదు. ఏలూరున న్యాయవాదిగా నుండి, ప్రభాత్ థియేటరు అను నాటకసంస్థను నెలకొల్పిన బందా కనకలింగేశ్వరరావుగారు శ్రీకృష్ణపాత్రధారణమునఁ బ్రసిద్ధులు. తరువాత కూచిపూడి నాట్యోద్ధరణమునకు నెంతయో పాటుపడినవారు. ఆయన పద్యమున రాగమును మితపఱచి భావమునకుఁ బ్రాధాన్య మిచ్చినవారిగాఁ బేర్కొనఁబడుదురు. రాయబారపు శ్రీకృష్ణుఁడు సభలో మాటాడుచున్నాఁడు; పాడుచుండుట లేదు. రాయబారి మాటకు బలము అందలి తర్కము. ఈ సూక్ష్మమును గ్రహించిన నటుఁడు పాదాంతపు గురువుపై నిలువఁజాలఁడు, ఏలయనఁగా వాని వాక్యము ఇంకను ముగియలేదు. నాటకౌచిత్యమును ఛందోమర్యాదయు నొక్కచోటనే కలిసినవి. కాని సామాన్యశ్రోతలు అధికరాగమునే మెచ్చుకొనిరనుటయు దాఁపవలసిన సంగతి కాదు. శ్రోత కొనినదే కంపెనీ యచ్చొత్తినది.

1948లో అమెరికాయందు కొలంబియా కంపెనీ నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు పెద్దపలకను వెలువరించినది. దాని పదార్థము లక్క కాదు, వినైలు. గాడి సన్నమైనది, ఒకవైపు ఇరువది నిమిషములకు మించి యిమిడినది. క్రిందఁ బడినను లక్కపలకవలె ముక్కలు కాదు. మూఁడు నిమిషముల సంకెల తెగిపోయినది. పూర్వ మొక నాటకమును వినవలెనన్నఁ బెక్కు పలకలను గట్టగాఁ గట్టి సెట్టుగా నమ్మెడివారు. రాయబార మధ్యమున లేచి పలకను మార్చుట, కీలు బిగించుట, సూదిని మార్చుట - శ్రీకృష్ణుని విశ్వరూపము సైతము సూది కొఱకు వేచియుండెడిది. పెద్దపలక వచ్చినపిమ్మట నీ చిక్కు తీఱినది. మేర తీసివేసినంతనే గాయకులు రాగమును మరల పందిటికొలఁదికిఁ బెంచియుండవలెను గదా యని యెవ్వరైన నడుగవచ్చును. తెలుఁగునాఁట మిక్కిలి ప్రచారము నొందిన పెద్దపలక దీనికిఁ బ్రత్యుత్తర మిచ్చుచున్నది.

ఘంటసాల వేంకటేశ్వరరావుగారి భగవద్గీత ఆ పలక. కృష్ణామండలమున 1922లోఁ బుట్టిన యీ గాయకుఁడు చలనచిత్రములలో వేలకొలఁది పాటలు పాడి, ఆరోగ్యము క్షీణించిన కాలమున 1973లో దీనిని హెచ్.ఎం.వి. కంపెనీ కొఱకుఁ బాడెను. 1974 ఫిబ్రవరి 11వ తేదీన మరణించెను. పలక యా సంవత్సరముననే వెలువడి, నాఁటినుండి నేఁటివఱకు గోదావరి మండలమున నే గ్రామమునఁ జూచినను దేవాలయపు మైకునందును, దుఃఖము నెలకొన్న యింటి ముంగిటను వినఁబడుచునే యున్నది. గాయకుని కడపటి పలక యగుటచేత దానిపై జనులకుఁ గల భక్తి విమర్శ కడ్డుపడుట కలదు. అయినను విమర్శించినను నిలుచు గుణము దానికిఁ గలదు. ఒకవైపున నిరువదినిమిషములు చేతిలో నుండియు ఆయన యే శ్లోకమును సాగఁదీయలేదు. రాగము మాఱుచుండును, కాని శ్లోకమును మించి నిలువదు. శ్లోకానంతరము తెలుఁగుతాత్పర్యమును ఆయనయే వచనముగాఁ జదివెను. ఆ వచనము పాటకంటె మేలని వాదించువారి పక్షమునను న్యాయము కలదు. మాట ముగిసినచోట నాఁగుట ఆయన కంఠమునకు స్వభావము.

ఇందు ఛందస్సునకును బాలున్నది. గీతలో నధికభాగము అనుష్టుప్పు. శ్లోకార్ధమున వాక్యమో, వాక్యఖండమో తప్పక ముగియును. గాయకుఁ డచ్చట నెంత నిలిచినను పదము విఱుగదు. ఆ మేరకు ఘంటసాలవారి పని సులువు. ఆయన పూర్వము చిన్నపలకలపైఁ బాడిన కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పుష్పవిలాపము, కుంతీకుమారి యను ఖండికలను వినిన యెడలఁ బరీక్ష మఱింత గట్టిది. అవి తెలుఁగువృత్తములు; ధార పాదమును దాఁటి సాగునవి. అక్కడను ఆయన మాటకు మాట స్పష్టముగాఁ బలికి, రాగమును సానుభూతిమాత్రముగా నుంచెను. నాటకగాయకులు పోగొట్టిన యర్థమును చిత్రగాయకుఁడు తిరిగి తెచ్చెనన్న మాట కటువుగా వినఁబడినను పలకలు దానికి సాక్ష్య మిచ్చుచున్నవి. చిత్రములయందు మైకు ముందఱ మెల్లగాఁ బాడుట యలవడినవానికి, బాకాలోనికిఁ గేకవేయవలసిన యవసరము లేకపోయెను. హెచ్చుశ్రుతి తగ్గినయెడల పదము తేటపడును.

పలకయందలి కాలము పద్యముపై నధికారము చేయదనుటకు విదేశమునందలి దృష్టాంత మొకటి చెప్పఁదగియున్నది. 1980 ప్రాంతమున అమెరికాలో హార్డ్‌కోర్ పంక్ అనెడి సంగీతము వెలసినది. అది మిక్కిలి వేగము, మిక్కిలి కర్కశము. సంగీతమను పేరు దానికిఁ జెల్లునా యని పండితు లడుగుటకుఁ దగినది. వాషింగ్టను నగరమున ఆ సంవత్సరమే యువకులు కొందఱు డిస్కార్డ్ అను పలకల సంస్థను దామే స్థాపించుకొనిరి. వారిలోని మైనర్ త్రెట్ అను మేళము 1981లో వెలువరించిన ఏడంగుళముల చిన్నపలకపై ఎనిమిది పాటలున్నవి. పలక యంతయు పది నిమిషములకు మించదు. మన గాయకుఁడు మూఁడు నిమిషములలో నొక్కపద్యము పాడఁగా, వారు అంతకాలములో రెండుమూఁడు పాటలు ముగించిరి. యంత్ర మొక్కటియే, పలక యించుమించుగా నొక్కటియే. రాగమును బెంచినదియు, అక్కడఁ ద్రుంచినదియు మనుజుల యభిరుచియే.

ఆ మేళములవారి యాచార మొకటి కలదు. వారి కేకలలో మాటలు తెలియవు గనుక, పాటల పాఠమునంతయుఁ గాగితముపై నచ్చొత్తి పలకతోఁ గూడ నట్టలోఁ బెట్టియిత్తురు. వినువాఁడు కాగితమును జేతఁబట్టుకొని వినును. ఇంగ్లండులోని స్టోక్-ఆన్-ట్రెంటున 1977లోఁ బుట్టిన డిశ్చార్జ్ అను మేళము ముప్పదితొమ్మిదేండ్లకు, 2016లో, తలలు నెరసిన కాలమున క్రొత్తపలకను వినైలుపైనే వెలువరించినది. అప్పటికిఁ బాటలను దంతితీఁగెలపై దేశాంతరములకుఁ బంపు సాధనము లెన్ని వచ్చినను, పలకను, అట్టను, అందలి యక్షరములను గోరువారు వారికిఁ గలరు. వీరొక్కరే కారు. అమెరికాలో 2022వ సంవత్సరమున 4 కోట్ల 10 లక్షల వినైలుపలకలు చెల్లినవి; అదే యేఁట చెల్లిన కాంపాక్ట్ డిస్కులు 3 కోట్ల 30 లక్షలు. 1987 తరువాత వినైలుపలక డిస్కును మించుట అదియే మొదటిసారి. చచ్చినదనుకొన్న వస్తువు లేచి కూర్చున్నది. హిందూదేశమునను పాతకంపెనీకి వారసయైన సరిగమ సంస్థ కొన్ని పాతసంగీతములను వినైలుపై మరల నొత్తి యమ్ముచున్నది.

కావున రాయబారపు పద్యములను మరల వినైలుపై నచ్చొత్తు దినము వచ్చుట యసంభవము కాదు. ఆ దినమునకు ముందు సంస్కర్తలు చేయవలసిన పని చాల యున్నది. లక్కపలక పెళుసైనది. గోదావరి వఱదలకు, చెదలకు, ఇంటివారి యుపేక్షకు లోనై యెన్నియో పలకలు నశించినవి. అటుకులమీఁద మిగిలినవి నశించుచున్నవి. తాటాకును జమిలిగాఁ జూచి ప్రతి వ్రాసికొనవచ్చును. పగిలిన పలకకుఁ బ్రతి లేదు.

మిగిలినవానియందుఁ గర్తృనిర్ణయమే ప్రథమకార్యము. పలకచీటిపై గాయకుని పేరుండును, నాటకము పేరుండును, రాగము పేరును దఱచుగా నుండును. కవి పేరు మాత్ర మరుదు. ఇది చిన్నలోపము కాదు. నాటకసమాజములవారు సందర్భము కుదిరినప్పుడెల్ల నితరకవుల పద్యములను రాయబారములోఁ జొప్పించుట కలదు. చీటిపై 'పాండవోద్యోగము' అని యున్నంతమాత్రమున ఆ పద్యము తిరుపతివేంకటకవులదని చెప్పుటకు వీలులేదు. అచ్చుపుస్తకముతో సరిచూడవలెను. పుస్తకమున లేనిచో ప్రక్షిప్తమని త్రోసివేయుటకంటె, ఎవ్వరిదో వెదకి చెప్పుట మేలు. ఆ కవి సామాన్యుఁడైనను వాని పద్యము లక్షలమంది చెవులఁ బడినది. పిదప పాఠభేదములు. గాయకుఁడు గ్రాంథికరూపమును వాడుకలోనికి మార్చెనా, సంధిని విడఁదీసి గణభంగము చేసెనా, పదమును మఱచి సరిపోవు పదమును వేసెనా యనునవి గుఱుతింపవలెను. ఒక్కొక్కచోట గాయకుని పాఠమే మేలుగా నుండుట సంభవము. ఏండ్లకొలఁదిగా వేలమందియెదుటఁ బరీక్షింపఁబడిన పాఠమునకు రంగప్రామాణ్యము కొంత యీయక తప్పదు.

ఈ పనికి సంగీతజ్ఞానము మాత్రమే చాలదు, వ్యాకరణము మాత్రమే చాలదు. నిడదవోలునఁ బుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు కవిత్వము, సంగీతము, రేడియో మూఁడింటను సమముగా నెఱిఁగి, ఆంధ్రవాగ్గేయకారచరిత్రమును రచించిరి. నాటకపద్యమునకు అట్టి చరిత్రము కావలసి యున్నది. పాఠశాలలోని తెలుఁగుపండితుఁడును దీనిలోఁ బాలుగొనవచ్చును. ఛందస్సు చెప్పునాఁడు గణవిభజనముతో నాఁగక, ఒక రాయబారపు పలకను వినిపించి, గాయకుఁ డెచ్చట నాఁగెనో, కవి యెచ్చట నాఁపఁదలఁచెనో విద్యార్థులచే గుర్తింపించినచో, యతికిని విరామమునకును గల భేదము ఒక గంటలోఁ దెలియును. సూత్రము వల్లించుటచే నది యేఁడాదికిఁ దెలియదు.

క్రొత్తపలక వెలువడినయెడల దాని యట్ట పన్నెండంగుళముల చదరము. మడతయట్ట యైనచో నాలుగుముఖములు. కవుల పేర్లు, గాయకుని పేరు, మొదటిపలక సంఖ్య, దొరకినచో దాని సంవత్సరము, పద్యపాఠము, పాదవిభాగముతోఁ బాటు పదవిభాగము, అచ్చుప్రతితోఁ గల భేదములు - ఇవి యన్నియు సామాన్యమైన యచ్చుటక్షరములలో నందుఁ బట్టును. హార్డ్‌కోర్ మేళములవారు తమ కేకలకుఁ జేసిన మర్యాదను రాయబారమునకుఁ జేయుటకు వేఱొక పుస్తకము కూడ నక్కఱలేదు.